పద్మమ్మ కడిగిన రూపాయి

ఇంకో గంటన్నా పడుతుందని నిఖిల్ ఫోన్‌లో చెప్పాడు, హనుమకొండ కంటి దవాఖానలో వాళ్ళ నాన్నకు చుక్కలు వేసి కూచోబెట్టారట, నల్లగుడ్డు విచ్చుకునేదాకా డాక్టరు చూడడట, నువ్వు మాత్రం పోకు మహిపాలన్నా, నాన్న నీతోనే తేల్చుకుంట అంటాండు అని కూడా అన్నాడు. తేల్చుకోవడం అన్న మాట దగ్గర నా చెవి ఫోన్‌కు అతుక్కుపోయింది. తేల్చవలసింది నా గురించి కాదని, రూపాయి గురించని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ రూపాయి నా ముందే ఉంది. టీపాయ్ మీద తెల్ల చేతిరుమాలు పరిచి, దాని మీద పెట్టి, పైన చిన్న స్టీలు గిన్నె బోర్లించింది నిఖిల్ వాళ్ళ అమ్మ పద్మమ్మ, పిల్లి ముట్టకుండా పాల మీద మూత పెట్టినట్టు. ఈ ఇంట్లో పిల్లి లేదు. మడికొండలో ఈ కొత్త ఇళ్ళ వరసకు పిల్లులు ఇంకా అలవాటు పడలేదు. కిటికీలోంచి చూస్తే సగం లేచిన గోడలు, సిమెంటు బస్తాల మీద కప్పిన నీలం పట్టా, వాటి వెనక మెట్టుగుట్ట రాళ్ళు, శ్రావణం ముసురు, కాజీపేట వైపు పోతున్న గూడ్సు బండి చప్పుడు. గిన్నె ఎత్తి చూడడానికి ఎవరూ అడ్డం లేరు. జేబులో భూతద్దం ఉంది. అయినా చెయ్యి పోవడం లేదు, ఎత్తకముందే దాని కింద ఏముందో తెలిసినవాడికి అద్దం ఎందుకు.

పద్మమ్మ వంటింటి గడప మీద కూచుంది, సోఫాలో కూచోమంటే నాకు ఇక్కడే బాగుంటది బిడ్డా అంది. చిక్కిపోయింది. "తొమ్మిది దినాలైతాంది," అంది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "నాతోని ముచ్చట బందు. ఉప్పు తక్కువైతె నిఖిల్‌కు చెప్తడు, మీ అమ్మకు చెప్పురా అని. నేను ఆడనే గంటె పట్టుకొని నిలవడి ఉంట." కొంచెం నవ్వింది. "నలభై ఆరేండ్లల గిట్ల ఎన్నడు చెయ్యలే. దుకాణంల షార్ట్ సర్క్యూట్ అయ్యి సగం సామాను మాడిపోయిన్నాడు గూడ నన్ను కడుపునిండ తిట్టి, అన్నం తిని పన్నడు. గిప్పుడు తిట్టుడు లేదు. తిట్టినా బాగుండు."

జరిగింది నాకు ఫోన్‌లోనే తెలుసు, అయినా ఆమె చెప్తుంటే మళ్ళీ వింటున్నాను, ఆమెకు చెప్పుకునేవాళ్ళు లేరు. ఈ ఇంట్లో వెండిని ఇద్దరూ పంచుకున్నారు, పెళ్ళయిన కొత్తలోనే. పూజగదిలో ఉన్న వెండి ఆమెది, బీరువాలో ట్రేల్లో ఉన్న వెండి ఆయనది. ఆమె ఆయన ట్రేల జోలికి పోదు, ఆయన ఆమె కుందులు ముట్టడు. ఒక్క దగ్గరే ఆ హద్దు చెరుగుతుంది, కొత్తగా ఏ నాణెం ఇంటికొచ్చినా మొదటి రాత్రి లక్ష్మీదేవి పాదాల దగ్గర ఉండి తర్వాత ట్రేలోకి పోవాలి, అది వాళ్ళ దుకాణాల ఇళ్ళ ఆచారం. ఇన్నాళ్ళూ వచ్చినవన్నీ పొట్లంలోనో డబ్బీలోనో ఉండేవి. ఈసారి రూపాయి సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బీలో వచ్చింది, నిఖిల్ వాళ్ళ నాన్న కిషన్ రావు సార్ దాన్ని పగలగొట్టించాడు. చక్కెర జబ్బు కళ్ళను తినేసింది, డబ్బీలో ఉంటే నాకేం తెలుస్తది, వేళ్ళతోనన్న చూసుకుంట అని నిఖిల్ చేత పగలగొట్టించి, రాత్రి దాకా బొటనవేలితో తడిమి తడిమి, తీసుకుపోయి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. తెల్లారితే శ్రావణ శుక్రవారం. "పొద్దుగాల తలుపు తీస్తె అమ్మవారి కాళ్ళ కాడ నల్లగ, బొగ్గుబిళ్ళ తీర్గ," అంది పద్మమ్మ. "వరలక్ష్మి నాడు అట్లెట్ల ఉంచుత చెప్పు. నా గదిల ఉన్నది నాదే అనుకున్న. కుందులతోని పాటు చింతపండు నీళ్ళల వేసిన. రుద్దలే మహిపాలూ. కుందులు రుద్దిన, దాన్ని రుద్దలే. జరసేపు నానితె నలుపు అదే ఊడొచ్చింది, మెత్త బట్టతోని అద్ది పెట్టిన. నిఖిల్ ఫోన్ల పెద్దగ చేసి చూసి, గీతలున్నయి నాన్నా అన్నడు. రుద్దకుంట గీతలెట్ల వస్తయని ఈయన. రుద్దలేదని నేను. నేను అబద్ధమాడుతాన్ననట." రూపాయి పోయినందుకు కాదు ఆమె బాధ.

ఆమె అబద్ధం ఆడడం లేదు. ప్రపంచంలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గీతలు మా అమ్మవి.

వర్ధన్నపేట దాటి లోపలికి మూడు మైళ్ళు పోతే మా ఊరు, అక్కడ మా ఇంట్లో రేకు పెట్టె అడుగున చీర మడతల కింద పదకొండు వెండి రూపాయలుండేవి, నిజాం కాలపు హాలి రూపాయలు, ఒక పక్క చార్మినార్, ఇంకో పక్క మాలో ఎవరికీ చదవరాని రాత. మా అమ్మ మొగిలమ్మకు వాళ్ళమ్మ ఇచ్చినవి. ఏడాదికొకసారి, దీపావళి నోముల నాడు పొద్దున్నే అవి బయటికొచ్చేవి. పెరట్లో బండ మీద అమ్మ గొంతుక్కూచుని, చింతపండు గుజ్జు, పొయ్యిలో బూడిద, గుప్పెడు కొబ్బరి పీచు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క రూపాయినీ అరచేతిలో నొక్కిపట్టి గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దేది. మెడ నరం తేలేది. వేళ్ళ సందుల్లోంచి నల్లటి నీళ్ళు మోచేతి దాకా కారేవి. "లచ్చిందేవి మొకానికి మసి ఉంచుతమారా," అనేది. రుద్దింది ఎండకు పట్టి నా కళ్ళలోకి కొట్టించి నవ్వేది, మా అమ్మ నవ్వడం నేను చూసిన రోజుల్లో చాలావరకు ఆ రోజులే, తక్కిన దినాలన్నీ పత్తి చేలో వంగిన వీపే నాకు గుర్తు. ఒక ఏడు బూడిదలో ఇసుక రేణువు కలిసినట్టుంది, పలక మీద బలపం జారినట్టు కీచుమంది, అమ్మ చెయ్యి ఆగింది, వెనకకూ ముందుకూ తిప్పి చూసి, ఏంగాలే అని మళ్ళీ రుద్దింది. ఆ కీచు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది. ఎడమ మీనారు కాళ్ళ దగ్గర మొదలై, నడిమి తలుపును అడ్డంగా దాటి, కుడి అంచుదాకా పోయిన వెంట్రుకంత గీత. దాన్ని చీకట్లో కూడా గీసి చూపించగలను.

కడిగితే ఏమవుతుందో మా ఊళ్ళో ఎవరికి తెలుసు. నాకు చెప్పింది ఈ ఇంటి పెద్దమనిషే. అప్పుడు వాళ్ళది వరంగల్ చౌరస్తా వెనక సందులో ఇత్తడి సామాన్ల దుకాణం, పైన కాపురం. పల్లెల్లోంచి పాత బిందెలు, గంగాళాలు తెచ్చి తూకానికి వేసేవాళ్ళ మూటల్లోంచి ఆయన నాణేలు ఏరుకునేవాడు. డిగ్రీ చివరి ఏడు పరీక్ష ఫీజు కోసం అమ్మకు చెప్పకుండా పదకొండులో ఒకటి తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. అద్దం కంటికి ఆనించి చూసి, "ఎవరు కడిగిండ్రురా దీన్ని," అన్నాడు, ఎవరు పోయిండ్రు అని అడిగినట్టు. మా అమ్మ అన్నాను. "మీ అమ్మను ఏమనకు. మా ఇంట్ల గూడ అదే చెయ్యి అలవాటు, లేస్తే చింతపండే," అని మేడ మీదికి వినపడేట్టు అన్నాడు. పైనుంచి పద్మమ్మ గొంతు, "ఔ మరి, ఇత్తడి అమ్మెటోని పెండ్లాం అద్దాలు తుడుస్తదా." ఆయన నవ్వాడు. తర్వాత రూపాయిని నా వైపు తోసి, "వెండి మీద నలుపు మురికి గాదు బిడ్డా, అది దాని వయసు. ఒక్కసారి గీకినవంటే మళ్ళ రాదు," అన్నాడు. కొనలేదు. ఫీజు మాత్రం ఇచ్చాడు. ఆదివారాలు వచ్చి కూచోమన్నాడు, కూచున్నాను, ఆ కూచోవడమే తర్వాత నాకు బతుకుదెరువయింది.

ఆయనకు ఒక పద్ధతి. ఏ నాణెం చెయ్యి మారినా దానితోపాటు అగ్గిపెట్టెంత చీటీ పోవాలి, ఏం లోపం, ఎట్లా జరిగింది, ఎవరి చేతిలో. అంచు దెబ్బ, గునపం తగిలి, కౌలుదారు కట్టయ్య. గొలుసుకు వేసిన కొండీ పీకింది, నెక్కొండ కంసాలి. కడిగింది, ఇల్లాలు, పేరు తెలియదు. పేరెందుకు సార్ అని అడిగాను ఒకసారి. "లోపం పైనుంచి పడ్డదా," అన్నాడు, "ఎవరి చేతులనో అయ్యింది గద. తెలిస్తే రాయాలె. తెల్వకుంటె తెల్వదని రాయాలె. తెలిసి రాయకపోతె నువ్వు ఈ గద్దె మీద కూచోకు." అందుకే ఆయన చీటీ ఉన్న నాణేన్ని కరీంనగర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా మళ్ళీ అద్దం పెట్టకుండా తీసుకుంటారు. ఇప్పటికీ నా దగ్గర కొనేవాళ్ళు ముందు ఆయనకు ఫోన్ చేస్తారు. మహిపాల్ మా పిలగాడే అంటాడు ఆయన. ఆ ఒక్క మాట మీద నడుస్తోంది నా ఇల్లు.

సగం అక్షరం సంగతీ ఆయనే చెప్పాడు. చార్మినార్ నడిమి తలుపులో ఒక అరబ్బీ అక్షరం ఉంటుంది, కొన్నిటిలో అది సగమే పడింది, తర్వాత అచ్చు దిద్దుకున్నారు, ఆ సగం పడ్డవి దొరకవు. వెల్వెట్ ట్రేలో దానికోసం ఒక గుంట ముప్పై ఏళ్ళుగా ఖాళీగా ఉంచాడు, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు ఆయన వేలు మాటిమాటికీ ఆ గుంటలోకి పోయేది. అది విన్న ఆదివారం ఊరికి పోయి, రేకు పెట్టె తీసి, పదకొండూ వెలుతురులో పరిచి చూశాను. తొమ్మిదోది. సగం అక్షరం. కీచు గీత పోయింది సరిగ్గా దాని మీద నుంచే. చెప్పలేదు ఆయనకు. కడిగిందని తీసుకోడేమో అని ఒకటి, తీసుకున్నా చీటీ మీద మా అమ్మ పేరు రాస్తాడని ఒకటి, ఇట్లా అనుకున్నాను, కానీ అసలైనది ఇంకొకటి ఉంది, లోపం లేని ధర ఎంతో నాకు అప్పటికే తెలుసు.

మంచాన పడ్డాక అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. నా నొసట మన పాత రూపాయిలల్ల ఒకటి పెట్టు బిడ్డా, ఇప్పటి ఇనుపబిళ్ళ పెట్టకు అని. అప్పటికి పదింటినీ అమ్మేశాను, ఆ సంగతి ఆమెకు తెలియదు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. వాకిట్లో పడుకోబెట్టి, తానం పోసి, పసుపు రాసి, ఎవరో రూపాయి ఏదిరా అన్నారు. ఎడమ జేబులో సగం అక్షరం రూపాయి ఉంది, దాన్ని తీసుకునే ఊరికి బయల్దేరాను, ఆ మాట నిజం. కుడి జేబులో చిల్లర ఉంది. కుడి జేబులో చెయ్యి పెట్టాను. అమ్మ నుదురు చిన్నది, ఇనుపబిళ్ళ నిలవక జారుతుంటే కుంకుమ తడిపి అతికించాను. చూసినవాళ్ళు కొడుకు ఎంత ఓపికగా చేస్తాండో అన్నారు.

"చాయ్ పెట్టాల్నా బిడ్డా," అని పద్మమ్మ అడిగింది. సార్ వచ్చినంక తాగుతనమ్మా అన్నాను. టైము నాలుగున్నర. గిన్నె అంచు మీద కిటికీ వంగి కనిపిస్తోంది.

ఇవాళా రేపు చీటీలు ఎవరు అడుగుతున్నారు. నాణేన్ని పంపితే గ్రేడింగ్ కంపెనీవాళ్ళు చూసి, డెబ్బైకి ఇన్ని అని అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి పంపిస్తారు, ఇక కొనేవాడు నాణేన్ని చూడడు, అంకెను చూస్తాడు. అమ్మ పోయిన రెండో ఏడు పంపాను. తిరిగొచ్చిన డబ్బీ మీద అంకె ఉండాల్సిన చోట అంకె లేదు, కడిగినది అని ఇంగ్లీషులో ఒక మాట. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు, మా ఊరు చూడనివాడు, మా పెరట్లో బండ మీద కూచున్న మనిషిని చూసేశాడు అనిపించింది. తువ్వాలలో చుట్టి డబ్బీని సుత్తితో పగలగొట్టాను. ఆ కాగితం ముక్కను పొయ్యి మంటలో వేశాను. మూడు గుడ్లు ఉడకబెట్టి, చిదిపి, టిఫిన్ డబ్బాలో పెట్టి, మధ్యలో రూపాయి పెట్టి మూత బిగించాను. శోభారాణి తెల్లారి మూత తీసి ముక్కు మూసుకుంది. "ఇదేందయ్యా, రూపాయిని పొదగవెట్టినవా," అంది నా పెళ్ళాం. "పిల్లలైతె చెప్పు, నాక్కూడ రెండియ్యి." నవ్వాను. మూడు రోజులు గుడ్లు మార్చాను, ఆ వాసనకే వెండి నల్లబడుతుంది. తర్వాత పాత కాగితంలో చుట్టి అటక మీద ఎనిమిది నెలలు. ముందు తేనె రంగు, తర్వాత గోధుమ, చివరికి నెమలి మెడలాగా నీలం తిరిగిన నలుపు. గీతలన్నీ దాని కింద మునిగిపోయాయి. ఇంకో కంపెనీకి పంపాను. యాభై ఎనిమిది వచ్చింది.

యాభై ఎనిమిది. ఆ అంకె నేను వేయలేదు. నేను గీకలేదు, అతకలేదు, వెండి కలపలేదు, వయసు పోయినదానికి వయసు ఎక్కించాను, అంతే కదా, అది అటక మీద ఇంకో యాభై ఏళ్ళు పడి ఉంటే దానంతటదే నల్లబడేది. ఇంతకూ ఇద్దరిలో ఎవడు సరిగ్గా చూశాడు. ఇద్దరివీ మనుషుల కళ్ళే, ఒకడు పొద్దున చూసి ఉంటాడు, ఒకడు అన్నం తిని కునుకుతూ చూసి ఉంటాడు. మార్కెట్‌లో ఉన్న డబ్బీల్లో ఎన్ని రెండోసారి పోయినవో, ఎన్ని మూడోసారి పోయినవో ఎవరు చెప్పొచ్చారు. అందరూ పంపుతున్నారు. మంచి అంకె వచ్చేదాకా పంపుతూనే ఉంటారు. ఇదంతా నేను నాకు చాలాసార్లు చెప్పుకున్నాను, స్నానం చేస్తూ, బండి నడుపుతూ, ప్రతిసారీ సరిగ్గానే ఉంటుంది, ఒక్క ముక్క దగ్గర తప్ప. ఆ రెండో కంపెనీవాడు కీచు వినలేదు. నేను విన్నాను.

వేరేవాళ్ళకు అమ్మి ఉంటే ఇంత ఉండేది కాదు. కానీ ఆ గుంటను నేను నింపాలనుకున్నాను, ముప్పై ఏళ్ళ ఖాళీని మహిపాల్ నింపిండు అని ఆయన పదిమందికి చెప్పాలనుకున్నాను, ఆ ఆశకు ఏ అంకె వేస్తారో తెలియదు. వరలక్ష్మి ముందురోజు పొద్దున ఇదే సోఫాలో డబ్బీని ఆయన చేతిలో పెట్టాను. ప్లాస్టిక్ మీద వేళ్ళాడించి, "చీటీ ఏదిరా," అన్నాడు. డబ్బీ మీద నంబరున్నది గద సార్ అన్నాను. "నంబరు వాళ్ళది. నీ మాట ఏంది. నాకు కండ్లు పోయినయి, ఇగ నీ కండ్లతోనే చూడాలె." నా మాట గూడ అదే సార్ అన్నాను. చాలా తేలిగ్గా వచ్చింది, దాహమైతే నీళ్ళడిగినట్టు. నేను అడిగిన ధర ఇచ్చాడు. బేరం ఆడలేదు. బేరం ఆడి ఉంటే బాగుండేది.

"ఇంకోటి చెప్పనా మహిపాలూ," అంది పద్మమ్మ. గొంతు తగ్గించింది, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా. "ఆయనకు చెప్పలే. సిగ్గయితది. చింతపండు నీళ్ళల వెయ్యంగనే ఒక తీరు వాసన కొట్టింది. గుడ్డు వాసన. మా ఇంట్ల గుడ్డు ముట్టం గద, మా పక్కింట్లామె వండితె కిటికీల నుంచి వస్తది, గట్ల. పూజగదిల, వరలక్ష్మి నాడు, గుడ్డు వాసన. ఏం పాపం చేసిన్నో అనుకున్న."

ముసురు కొంచెం పెరిగింది. నీలం పట్టా మీద చినుకుల చప్పుడు లోపలికి వస్తోంది. ఆమె చేతిలో ఏముందో ఆమెకు తెలియదు. ఆ ఒక్క ముక్క చాలు, గుడ్డు వాసన అని ఆమె అంటే చాలు, కిషన్ రావు సార్‌కు కళ్ళు అక్కర్లేదు, అద్దం అక్కర్లేదు, కూచున్నచోటే కూచుని మొత్తం చూసేస్తాడు, టిఫిన్ డబ్బా, అటక, పగిలిన మొదటి డబ్బీ, కుడి జేబు, అన్నీ. గుడ్డు పెట్టి నలుపెక్కించేవాళ్ళను గురించి నాకు చెప్పిందే ఆయన, ఇట్లాంటోళ్ళు వస్తరు, వాసన చూడాలె అని, పదేళ్ళ కింద. ఇప్పుడు నేను నోరు తెరవాలి. అమ్మా ఆ మాట సార్‌కు చెప్పండి, మీరు నిజమే చెప్తున్నరని ఆ వాసనే సాక్ష్యం అనాలి. ఆ వాక్యం నాలుక మీదికి వచ్చింది కూడా, పూర్తిగా, తప్పులు లేకుండా. దాని వెనకే మహిపాల్ మా పిలగాడే అన్న మాట వచ్చింది, కరీంనగర్ ఫోన్లు, హైదరాబాద్ ఫోన్లు, శోభారాణి మొహం.

"ఆ వాసన సంగతి సార్‌కు చెప్పకున్రమ్మా," అన్నాను. "పూజగదిల గుడ్డంటే మనసు కష్టపెట్టుకుంటడు. అసలే పానం బాగలేదు."

ఆమె నా వైపు ఎంత కృతజ్ఞతగా చూసిందంటే నేను చూపు కిటికీ మీదికి తిప్పుకున్నాను. "నిజమే బిడ్డా. నువ్వైతే మంచి చెప్తవనే నిన్ను పిలవమన్న," అంది. కొంగు వేలికి చుట్టడం, విప్పడం. "పోనీ రుద్దిన అని చెప్పుదునా," అంది చివరికి, నన్ను కాదు, గడపను అడిగినట్టు. "ఒప్పుకుంటె మాట్లాడతనని నిఖిల్‌తోని అన్నడట. రుద్దనిదాన్ని రుద్దిన అని ఎట్లనాలె అని ఉన్న ఇన్ని దినాలు. కానీ పొద్దుగాల లేస్తె ఈ ఇంట్ల ఇద్దరమే గద బిడ్డా. నిఖిల్ డ్యూటీకి పోతడు." అనకపోవడం నాకు బాగా అలవాటయిన పని.

గేటు చప్పుడయింది. కారు తలుపు. పద్మమ్మ లేచి నిలబడి, కొంగు సర్దుకుని, వంటింటి తలుపు పక్కకు జరిగింది. నిఖిల్ చెయ్యి పట్టుకుని సార్ లోపలికి వచ్చాడు, దవాఖానలో నల్లద్దాలు పెట్టి పంపారు, తడిసిన చెప్పులు విడిచేటప్పుడు గోడ తడుముకున్నాడు. ఆమె ముందు నుంచే నడిచాడు, ఆమె గాలి తగిలే ఉంటుంది, తలుపు చెక్కను దాటినట్టు దాటాడు. సోఫాలో కూచుని, "వచ్చినవా," అన్నాడు. వచ్చిన సార్. "గిన్నె తియ్యి."

తీశాను. తెల్లగా ఉంది. నా ఎనిమిది నెలల నలుపంతా పోయి, నోముల నాడు ఎండలో మా అమ్మ నా కళ్ళలోకి కొట్టించిన తెలుపు. అద్దం కంటికి ఆనించాను. ఒక్క కొత్త గీత ఉండాలని మొక్కుకున్నాను, సిగ్గులేకుండా మొక్కుకున్నాను, ఒక్కటుంటే చాలు, మిగతావి దాని నీడలో పడిపోతాయి. లేదు. గుండ్రంగా తిరిగిన అమ్మ చెయ్యి, ఏడాది మీద ఏడాది, దీపావళి మీద దీపావళి, వాటి మధ్య నుంచి ఎడమ మీనారు కాళ్ళ దగ్గర మొదలై సగం అక్షరాన్ని దాటిపోయిన ఆ ఒక్క గీత. పద్మమ్మ దాన్ని అద్దింది, అంతే. దుమ్ము తుడిచి మా అమ్మను బయటికి తెచ్చింది, అంతే.

"చెప్పు," అన్నాడు సార్.

"గీతలున్నయి సార్."

"ఎట్లాంటియి."

"చింతపండు, బూడిద పెట్టి, పీచుతోని రుద్దితె వచ్చేటియి." ప్రతి మాటా నిజం. అన్నీ నిజాలే వాడాను.

"నువ్విచ్చిన్నాడు లేవు," అన్నాడు. అడగలేదు, అన్నాడు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు, తెలియదని అనుకోవడం కూడా నాకు అనుకూలంగానే ఉంది. ఆయన మొహం నా వైపు ఉంది, నల్లద్దాల్లో నేను రెండుగా కనిపిస్తున్నాను. భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తలుపు దగ్గర పద్మమ్మ నోరు తెరిచింది. నా వైపు చూసింది. నేను చెప్పొద్దన్న మాటను ఆమె లోపలికి మింగడం కళ్ళారా చూశాను. "రుద్దిన్నేమో," అంది. "కుందులతోని పాటు చెయ్యి అలవాటుల రుద్దిందేమో. నాకు యాదికి లేదు. రుద్దే ఉంట."

సార్ పెద్దగా ఊపిరి వదిలాడు. తొమ్మిది రోజుల ఊపిరి. "ఆ ముక్క ఆ నాడే అంటె అయిపోవు గద," అన్నాడు, ఆమె ఉన్న వైపు తల తిప్పి. "నేనేమన్న కొడ్తనా. పూజగదిల పెట్టుడు నాది గూడ తప్పే. పోనియ్యి. చాయ్ పెట్టు, మహిపాల్ వచ్చి ఎంతసేపయిందో." ఆమె వంటింట్లోకి పోయింది, అరవై దాటిన మనిషి, దాదాపు పరిగెత్తినట్టు. గిన్నెల చప్పుడు. ఎంతో వెలుగు ఆ మొహంలో, నేను చూడకుండా ఉండలేకపోయాను.

"నిఖిల్, చీటీలు తేరా," అన్నాడు సార్. "మహిపాల్, నువ్వే రాయి, నాకు గీత కనవడ్తలేదు. నేను పోయినంక దీన్ని ఎవలన్న కొంటరు గద, వాళ్ళు మోసపోవద్దు." అగ్గిపెట్టెంత కాగితం, ఆయన పాత పెన్ను. "కడిగింది అని రాయి. చింతపండు, పీచు. శ్రావణ శుక్రవారం. రాసినవా. పేరు రాయి."

"పేరెందుకు సార్," అన్నాను. పదేళ్ళ కింద అడిగిన మాటే.

"తెలిసినప్పుడు రాయాలె గదరా."

వంటింట్లో ఆమె గ్లాసులు తోముతున్నట్టుంది, స్టీలు మీద పీచు ఒక్కసారి కీచుమంది. పెన్ను ఆగింది. ఏంగాలే అన్నట్టు మళ్ళీ కదిలింది. రాశాను. చేతిరాత నాదే, గుండ్రంగా, చూసినవాళ్ళు నమ్మేటట్టు.

"చదువు," అన్నాడు, చెయ్యి చాపి.

"కడిగింది," అని చదివాను. "చింతపండు, పీచు. శ్రావణ శుక్రవారం. పద్మ."

"ఆఁ, వస్తాన," అంది వంటింట్లోంచి ఆమె, ఆయనే పిలిచాడనుకుని, సంతోషంగా.